ఊరికే మారదు మెదడు

మా బావగారు డాలస్ నుంచి వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు ఒకటే తంతు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కుడివైపు తిరగాలి. ఆయన అలవాటుగా ఎడమ చేత్తో కాడ నొక్కుతారు. ఇండికేటర్ పడదు, వైపర్లు లేస్తాయి. మే నెల, నడినెత్తిన ఎండ, పొడి అద్దం మీద రబ్బరు కిర్రుకిర్రుమంటుంది. "బావగారూ, వాన పడట్లేదండీ" అని వెనక సీట్లోంచి మేం నవ్వుతాం. అమెరికా కార్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కి ఎడమవైపు, ఇక్కడి చాలా కార్లలో కుడివైపు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. బండెక్కేటప్పుడు పైకి చెప్పుకుని మరీ ఎక్కుతారు. చెప్పుకున్నది నోరు, నొక్కింది చెయ్యి.

మూడో రోజుకి సర్దుకుంటారు. సెలవు అయిపోయి డాలస్‌లో దిగాక మళ్లీ ఇదే గొడవ, ఈసారి అటువైపు. అయితే ఆయన ఒక మాట అన్నారు: మొట్టమొదటిసారి చెయ్యి మార్చుకోవడానికి రెండు వారాలు పట్టిందట, ఇప్పుడు రెండు మూడు రోజులే పడుతోందట. అంటే పాత అలవాటు ఎక్కడికీ పోలేదు. కొత్తది వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే. ఏది ముందుకు రావాలా అని రెండూ తోసుకుంటున్నాయి.

మెదడు మారుతుందన్న మాట ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డుల దాకా వచ్చేసింది. న్యూరోప్లాస్టిసిటీ అని పేరు కూడా నలుగురి నోళ్లలో నానుతోంది. ఎవరు చెప్పినా వరంలాగే చెబుతారు: ఏ వయసులోనైనా ఏమైనా కావచ్చు, అంతా మన చేతుల్లోనే ఉంది. ఆ పరిశోధనల్నే కాస్త ఓపిగ్గా చదివితే నాకు ఇంకోటి కనిపించింది. మెదడు మారే మాట నిజమే. కానీ చాలాసార్లు ఆ మార్పుకి ఎక్కడో ఒకచోట బిల్లు పడుతుంది. పైగా నేర్చుకుంటున్నది మంచా చెడా అని అది అడగదు.

ముందు ఆ పేరు సంగతి. ప్లాస్టిక్ సర్జరీలో ప్లాస్టిక్ వాడరు కదా. మలచడం అనే పాత గ్రీకు అర్థమే అక్కడా ఇక్కడా ఉన్నది. రబ్బరును సాగదీసి వదిలితే మొదటి రూపానికి వచ్చేస్తుంది, దాన్ని ప్లాస్టిసిటీ అనరు. తడి బంకమట్టిలో వేలు పెట్టి తీస్తే గుంట అలాగే ఉంటుంది. మెదడుకి ఉన్నది ఆ గుణం.

ఈ మాట ఒప్పుకోవడానికి శాస్త్రవేత్తలకు చాలాకాలం పట్టింది. నాడీకణాల రూపాన్ని చేత్తో అద్భుతంగా బొమ్మలు గీసి చూపించిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్‌కి 1906లో నోబెల్ వచ్చింది. పెద్దవాళ్ల మెదడులో దారులన్నీ స్థిరపడిపోయాయనీ, అక్కడ చావడమే తప్ప మళ్లీ పుట్టడం లేదనీ ఆయన రాశాడు. అంత పెద్దాయన మాట కాబట్టి దశాబ్దాల పాటు చెల్లింది. తమాషా ఏమిటంటే, అదే కహాల్ 1894లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, సాధన చేస్తే కణాల కొమ్మలు పెరిగి కొత్త సంబంధాలు ఏర్పడవచ్చని ఊహించాడు. జనం ఆయన నిరాశనే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒకదాన్నొకటి అతుక్కుని ఉండవు, మధ్యలో వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి రసాయనాన్ని వదిలితే అవతలి కణం అందుకుంటుంది. ఆ కూడలినే సినాప్స్ అంటారు. ఒక కణం పదేపదే ఇంకో కణాన్ని రేపుతూ ఉంటే వాటి మధ్య కూడలి బలపడుతుందని 1949లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ హెబ్ ప్రతిపాదించాడు. ఏళ్ల తరబడి ఒకే గాయకుడికి పక్కవాయిద్యం పట్టిన వయొలిన్ విద్వాంసుణ్ని చూడండి, ఆయన ఇంకా ఎత్తుకోకముందే ఈయన కమాను లేచి ఉంటుంది. అలాంటిది. హెబ్ చెప్పింది ఊహే. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో ఓస్లోలో తాము చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. మత్తిచ్చిన కుందేలు మెదడులో హిప్పోకాంపస్ అనే భాగానికి క్షణకాలం పాటు గబగబా విద్యుత్ సంకేతాలు పంపితే, ఆ తర్వాత గంటల తరబడి, మామూలు చిన్న సంకేతానికే అక్కడి కణాలు ఎక్కువగా స్పందించాయి. కూడలి బలపడడం కంటికి కనిపించింది.

అసలు కథ మాత్రం ఒక సముద్రపు నత్తది. అప్లీసియా దాని పేరు. మొత్తం ఇరవై వేల నాడీకణాలే, అందులో కొన్ని మామూలు కంటికి కనిపించేంత పెద్దవి. అందుకే అమెరికా శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ దాన్ని ఎంచుకున్నాడు. నీళ్లు చిమ్మే దాని గొట్టాన్ని మెల్లగా తాకితే అది మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. తోక మీద చిన్న షాక్ ఇచ్చి, తర్వాత మళ్లీ మెల్లగా తాకితే, ఈసారి బెదిరిపోయి గట్టిగా ముడుచుకుంటుంది. ఒక్క షాక్ ఇస్తే ఆ బెదురు కొన్ని నిమిషాలు ఉంటుంది. రోజుల పాటు విడతలు విడతలుగా ఇస్తే వారాలు ఉంటుంది.

లోపల ఏం జరుగుతోందో చూస్తే ఆ రెండు జ్ఞాపకాలూ ఒకటి కావు. నిమిషాల జ్ఞాపకంలో ఉన్న కూడలే ఎక్కువ రసాయనం వదులుతోంది. వారాల జ్ఞాపకం కావాలంటే కణం తన జన్యువులను కదిలించి, ప్రొటీన్లు తయారుచేసి, కొత్త కూడళ్లు కట్టాలి. ఆ స్పర్శను మోసే కణానికి కూడళ్లు దాదాపు రెట్టింపయ్యాయి. ఈ నత్తను ఏ హానీ లేకుండా ఊరికే తాకుతూనే ఉంటే, పట్టించుకోవడం మానేస్తుంది, కూడళ్లు తగ్గిపోతాయి. పట్టించుకోకపోవడం కూడా ఒక చదువే. 2000లో కాండెల్ నోబెల్ పంచుకున్నాడు. పరీక్ష ముందు రాత్రంతా టీ తాగుతూ చదివింది పరీక్ష హాలు గేటు దాటగానే ఎందుకు ఆవిరవుతుందో, ఆరుసార్లు విడతలుగా చదివింది ఎందుకు మిగులుతుందో ఈ నత్త దగ్గర కొంత జవాబు ఉంది. కట్టడానికి టైమ్ కావాలి. రోజుకి పద్నాలుగు గంటలు కూర్చోబెట్టే మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల టైమ్ టేబుల్ వేసేవాళ్లు నత్తను పట్టించుకున్నట్టు లేరు.

మరి బావగారి నోటికి తెలిసినది చేతికెందుకు తెలియలేదు? దీనికి జవాబు ఒక మనిషి జీవితం మూల్యంగా దొరికింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి తీవ్రమైన మూర్ఛలు వచ్చేవి. 1953లో, అతనికి 27 ఏళ్లున్నప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కొత్త విషయాలు గుర్తుండడం అక్కడితో ఆగిపోయింది. భోంచేసిన సంగతి కాసేపటికి గుర్తుండదు. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతని చేత ఒక పని చేయించింది: చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో చూస్తూ, నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపాలి. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది కాబట్టి ఎవరికైనా మొదట్లో చెయ్యి తప్పుతుంది. మూడు రోజుల్లో అతని గీత చక్కబడింది. కానీ ప్రతి రోజూ అతనికి అది మొదటిసారే, ముందు రోజు గీసిన సంగతే తెలియదు.

తలకు గుర్తుండడం వేరు, చేతికి గుర్తుండడం వేరు అని అలా తేలింది. రెండోదానికి మెదడు అడుగున ఉండే వేరే భాగాలు పనిచేస్తాయి. అవి మాటలు వినవు, పదేపదే చేసిందే వింటాయి. ఇంట్లో పిల్లాడికి "ఎన్నిసార్లు చెప్పాలిరా" అని అరిచే ముందు ఈ తేడా ఒకసారి గుర్తుచేసుకోవచ్చు. 2008లో చనిపోయేదాకా మొలైసన్ పరిశోధకులకు సహకరిస్తూనే ఉన్నాడు, వాళ్లెవరో ప్రతిసారీ కొత్తగా పరిచయం చేసుకుంటూ.

ఇప్పుడు బిల్లు సంగతి. లండన్‌లో నల్ల ట్యాక్సీ నడపాలంటే లైసెన్సుకి ముందు "ది నాలెడ్జ్" అనే పరీక్ష నెగ్గాలి. చేరింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ల పరిధిలో దాదాపు 25,000 వీధులు, వాటి మీద ఉన్న ఆస్పత్రులు, హోటళ్లు, థియేటర్లు, విగ్రహాలు అన్నీ నోటికి రావాలి. మామూలుగా మూడు నాలుగేళ్లు పడుతుంది. మోపెడ్ హ్యాండిల్‌కి రూట్ కాగితం తగిలించుకుని చలిలో వానలో తిరిగే కుర్రాళ్లు ఆ ఊరివాళ్లకు బాగా పరిచయం. పరీక్ష ముఖాముఖి. ఎదుటివాడు రెండు చోట్లు చెబుతాడు, వీళ్లు మ్యాప్ లేకుండా ఏ వీధిలోంచి ఏ వైపు తిరిగి ఎలా వెళ్లాలో వరసగా అప్పజెప్పాలి. అవధాన సభల్లో చివర ధారణ చూసినవాళ్లకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎలినార్ మాగ్వైర్ బృందం 2000లో 16 మంది డ్రైవర్ల మెదళ్ల స్కాన్ ఫలితాలు బయటపెట్టింది. మామూలు మనుషులతో పోలిస్తే వాళ్ల హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దగా ఉంది. సర్వీసు పెరిగేకొద్దీ ఇంకా పెద్దగా ఉంది. పత్రికలన్నీ ఇదే రాశాయి. రెండో సగం ఎక్కువమంది రాయలేదు: హిప్పోకాంపస్ ముందు భాగం వాళ్లకు చిన్నగా ఉంది. 2006లో అదే బృందం లండన్ బస్సు డ్రైవర్లతో పోల్చింది. వాళ్లూ అదే ట్రాఫిక్‌లో, అదే టెన్షన్‌లో నడుపుతారు, కాకపోతే రూటు మారదు. ట్యాక్సీవాళ్లు లండన్ వీధుల విషయంలో ముందున్నారు. గీతలతో నిండిన ఒక క్లిష్టమైన బొమ్మ చూసి, కాసేపయ్యాక గుర్తు తెచ్చుకుని గీయమంటే మాత్రం బస్సువాళ్ల కంటే వెనకబడ్డారు. పాతికవేల వీధులకు చోటిచ్చిన మెదడు, కొత్త బొమ్మలు పట్టుకునే పనిలో కొంత వదులుకున్నట్టుంది.

అసలు పుట్టుకతోనే అలాంటి మెదడున్నవాళ్లే ఆ వృత్తిలోకి వస్తున్నారేమో? న్యాయమైన అనుమానమే. దానికి జవాబు కోసం క్యాథరిన్ వూలెట్, మాగ్వైర్ 79 మంది అభ్యర్థులను చదువు మొదలుపెట్టే దశలో స్కాన్ చేసి, కొన్నేళ్లాగి మళ్లీ చేశారు. 2011లో వచ్చిన ఫలితం ఇదీ: మొదట్లో ఎవరికీ తేడా లేదు. పరీక్ష నెగ్గిన 39 మందిలో వెనక భాగం పెరిగింది. తప్పినవాళ్లలో మార్పేమీ కనిపించలేదు. తప్పినవాళ్లు చదువు మీద వెచ్చించిన గంటలు కూడా బాగా తక్కువే. కాబట్టి వాళ్లకు చదివే ఓపిక లేకపోయిందా, మారే గుణం తక్కువగా ఉందా అన్నది ఈ స్కాన్లతో తేలదు.

చదువుకి ముందొకసారి, తర్వాత ఒకసారి స్కాన్ చేసి చూడాలన్న ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. మన దేశంలో మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను స్కాన్ చేసి 2016లో ప్రచురించారు. భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన చాలా భాగాల్లో వాళ్లకు తేడాలు కనిపించాయి. వెంటనే "సంస్కృతం చదివితే మెదడు పెరుగుతుంది" అని ఫార్వర్డులు తిరిగాయి. అది ఒక్కసారి తీసిన ఫొటో. వల్లె వేయడం వల్ల ఆ మెదడు వచ్చిందా, అలాంటి మెదడున్న పిల్లలే ఏళ్ల తరబడి వేదపాఠశాలలో నిలిచారా అన్నది ఒక్క ఫొటో చెప్పలేదు. ఆసక్తికరమైన పరిశోధనే, గౌరవించాలంటే అది చెప్పనిది దాని నోట్లో పెట్టకూడదు.

బిల్లు కట్టేది పెద్దవాళ్లే కాదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగం మనకు చెవి దగ్గర విషయం. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. "త త త" అని వస్తూ ఉన్నట్టుండి "ట" అని మారినప్పుడు బిడ్డ తల తిప్పితే, పక్కన ఒక బొమ్మ కదిలి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ తేడా పట్టేశారు. వాళ్ల అమ్మానాన్నలకే ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ పిల్లల్లో పట్టుకోగలిగినవాళ్లు ఎవరో ఒకరిద్దరు. హిందీ ఇళ్ల పిల్లలకు మాత్రం తేడా నిలిచింది. తాతకూ టాటాకూ తేడా వినలేని చెవులు పుట్టుకతో రావు, ఏడాది నిండేలోపు తయారవుతాయి.

ఆ పిల్లలు ఏదో పోగొట్టుకున్నారని బాధపడనక్కర్లేదు. పనికిరాని తేడాలను వదిలేయడం వల్లే తమ ఇంటి భాషను అంత వేగంగా పట్టుకోగలుగుతారు. వాడని కూడళ్లను తీసేయడం, వాడేవాటికి ఆ చోటివ్వడం పసి మెదడు చేసే పెద్ద పని. ప్రవాసంలో పిల్లల్ని పెంచే మనవాళ్లకు ఇందులో ఇంకో ముక్క ఉంది. 2003లో సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలను చైనీస్ మాట్లాడే మనుషులతో 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు ఆడించింది. ఆ కాస్తకే వాళ్లు చైనీస్ శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మనుషుల్ని అంతే సేపు వీడియోలో చూపిస్తే ఏమీ రాలేదు. కాబట్టి తెలుగు రైమ్స్ పెట్టిన ట్యాబ్లెట్‌ని బిడ్డ ముందు నిలబెట్టి "తెలుగు వినిపిస్తున్నాం" అనుకోవడం కంటే, ఆర్నెల్లు వచ్చి ఉండే అమ్మమ్మ మేలు.

మెదడు మంచి చెడు అడగదన్నాను కదా, భయం సంగతి చూడండి. కుక్క కరిచిన పిల్లాడికి ఒక్కసారికే భయం పడిపోతుంది. మెల్లమెల్లగా మచ్చిక చేస్తే ఆ భయం తగ్గుతుంది. చెరిగిపోయిందనుకుంటాం. కానీ తగ్గిన భయం కొన్నాళ్ల తర్వాత తనంతట తాను తిరిగి రావడం రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచీ చూస్తూనే ఉన్నారు. "ఇక్కడ పరవాలేదు" అనే కొత్త పాఠం పాత పాఠం మీద కూర్చుంటుంది, సందు దొరికితే కిందది లేస్తుంది. బావగారి వైపర్లలాగే.

అయితే 2000లో న్యూయార్క్‌లో కరీం నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం అందరినీ కదిలించింది. ఒక శబ్దం వస్తే షాక్ కొడుతుందని ఎలుకకు నేర్పారు. మర్నాడు ఆ శబ్దం వినిపించి, జ్ఞాపకం లేచిన వెంటనే, భయాన్ని నిలిపే అమిగ్డలా భాగంలో ప్రొటీన్ తయారీని ఆపే మందు ఎక్కించారు. ఆ తర్వాత ఎలుకకు ఆ శబ్దమంటే భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు ఇస్తే భయం చెక్కుచెదరలేదు. గుర్తుతెచ్చుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు కరిగి, మళ్లీ గడ్డకడుతుందన్నమాట. మనుషుల్లో దీన్ని వైద్యంగా మార్చే ప్రయత్నాల్లో ఫలితాలు ఒకలా రాలేదు. కానీ పెళ్లిళ్లలో ఒకే సంఘటనను ముగ్గురు పెద్దవాళ్లు మూడు రకాలుగా చెప్పి, ముగ్గురూ ఒట్టేయడం ఎందుకో దీంతో కొంత అర్థమైంది. ఎన్నిసార్లు చెప్పుకుంటే అన్నిసార్లు ఆ జ్ఞాపకం రూపు మారింది.

ఇంత మెత్తని వస్తువు చుట్టూ వ్యాపారం పుట్టకుండా ఉండదు. మా కాలనీలో ఒకాయన కొడుకుని "మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్" క్లాసుకి పంపి వేలకు వేలు కట్టాడు. కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకం చదవడమే వాళ్లు చూపించే విద్య. ముక్కు పక్కన సందులోంచి చూస్తున్నానని ఆ పిల్లాడే తర్వాత మా అబ్బాయికి చెప్పాడు. మధ్యమెదడు కనుపాపల కదలికలకూ, మనం మెలకువగా ఉండడానికీ కావలసిన భాగం. అది యాక్టివేట్ కాకపోతే పిల్లాడు అసలు క్లాసుకి నడిచి వెళ్లలేడు. ఫోన్లో బ్రెయిన్ గేమ్స్ అంత మోసం కాకపోయినా, వాటిలో ఆడేకొద్దీ బాగుపడేది ముఖ్యంగా ఆ ఆటే. తమ ఆటలతో మతిమరుపు దూరమవుతుందన్నట్టు ప్రకటనలిచ్చిన ఒక అమెరికన్ కంపెనీ, ఆధారాలు లేవని ప్రభుత్వ సంస్థ కేసు పెడితే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

మరి ముసలితనంలో నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు ప్రపంచం చూసిన మంచి సమాధానాల్లో ఒకటి హైదరాబాద్‌ది. నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం తమ మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా (వయసుతో ముదిరే మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు 2013లో ప్రచురించింది. వాళ్లలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాషవాళ్ల కంటే వాళ్లకు జబ్బు లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి.

అంతకుముందు కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం కూడా ఇలాంటి ఫలితమే చూపించింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. వలస వచ్చేవాళ్లు ముందే గట్టివాళ్లేమో అనే ప్రశ్న తేలలేదు. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. పాలవాడితో తెలుగు, ఆటో అతనితో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడడానికి ఎవరూ దేశం దాటక్కర్లేదు, పుట్టిన వీధిలోనే అన్నీ దొరుకుతాయి. ఇంకా ముఖ్యం, చదువు. ఎక్కువ భాషలు వచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లు కావడం వల్లే ఈ తేడా అనొచ్చు. అందుకే అక్షరం ముక్క రానివాళ్లను విడిగా చూశారు. వాళ్లలోనూ తేడా ఉంది, దాదాపు ఆరేళ్లు. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఇది భాషలు జబ్బును ఆపాయని కాదు. లోపల జబ్బు దాని పని అది చేస్తూనే ఉంటుంది. రోజుకి వందసార్లు ఒక భాషను అణచి ఇంకోటి ముందుకు తెచ్చే సాధన వల్ల, దెబ్బతిన్న దారులు తప్పించి వేరే దారిలో పని నడిపించుకునే నిల్వ ఏదో మెదడుకు చేకూరుతుందని పరిశోధకుల ఆలోచన. ఇండికేటరూ వైపరూ తోసుకున్నట్టే రెండు భాషలూ తోసుకుంటాయి, ఆ తోపులాటే కసరత్తు. ఈ వాదానికి ఎదురుగాలీ ఉంది. రెండు భాషలవాళ్లకు ఏకాగ్రత ఎక్కువని చెప్పిన కొన్ని ప్రయోగాలు పెద్ద సమూహాల మీద మళ్లీ చేస్తే నిలబడలేదు.

నిమ్స్ బృందమే 2016లో 608 మంది పక్షవాతం రోగుల లెక్క కూడా చూసింది. తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు మూడు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరి మధ్యా తేడా లేదు.